ఎనిమిదేళ్లు నిండేదాకా



ఎవరి జ్ఞాపకార్థం ఈ సాయంత్రం టోలిచౌకిలో కలుసుకున్నామో ఆ టీచరమ్మ తన ఉద్యోగమంతా ఒకటీ రెండూ తరగతులకే పాఠం చెప్పారు. పై తరగతులకు వెళ్లమన్నా వెళ్లలేదట. తన పేరు కరపత్రాల మీదా ఫలకాల మీదా వేయొద్దని కూడా చెప్పారట. ఆ మాట నిలబెట్టడానికే, ఈ ఉపన్యాసానికి నిధి ఏర్పాటు చేసిన ఆమె కుటుంబం ఈ ఉపన్యాసం వేసే పుస్తకంలోనూ ఆమె పేరు అచ్చువేయించడం లేదు. నేను పొగడ్తలు పక్కన పెట్టి, ఆమె పనిచేసిన ఆ రెండు తరగతుల గురించే మాట్లాడతాను.

రెండో తరగతి పిల్లవాడికి డిస్లెక్సియా ఉందని మన దేశంలో వైకల్య ధ్రువపత్రం రాదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మార్గదర్శకాల ప్రకారం చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన ప్రత్యేక అభ్యసన వైకల్యానికి ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువీకరణ. బళ్లో టీచర్లు పిల్లల్ని పరిశీలించాల్సింది మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందొస్తే అప్పుడు. ఇందులో అర్థం లేకపోలేదు. ఆరేళ్ల పిల్లల్లో ఒకడు దసరాకే చదువుతాడు, ఇంకొకడు మరుసటి వేసవికి గాని అందుకోడు. తొందరపడి ముద్ర వేస్తే అది జన్మంతా వదలదు. డాక్టర్లు ఆగమన్నది అందుకే.

కానీ పిల్లవాడు బడికి వచ్చేది ఐదో ఏటో ఆరో ఏటో. ఆ మధ్య కాలంలో తరగతి గదిలో ఏం జరుగుతుందో టీచర్లకు తెలుసు. బోర్డు మీది వాక్యాన్ని ముత్యాల్లా దించుకుంటాడు, చదవమంటే నోరు మెదపడు. పక్కపిల్ల పైకి చదువుతుంటే విని పాఠమంతా బట్టీ పట్టేస్తాడు. ఒక రోజు టీచర్ పేజీ మధ్యలో వేలు పెట్టి ఇక్కణ్ణుంచి చదవమనేసరికి దొరికిపోతాడు. డిక్టేషన్ ఉన్న రోజు కడుపునొప్పి వస్తుంది. అది నిజమైన నొప్పే, నటన కాదు. హోంవర్క్ దగ్గర ఇంట్లో దెబ్బలు పడతాయి. మూడో తరగతికి వచ్చి పరీక్ష జరిపించుకునే సమయానికి వాడు ఒక్క పాఠం మాత్రం బాగా నేర్చుకుని ఉంటాడు: తాను మొద్దు అని. ఆ తర్వాత ధ్రువపత్రం చేతికొచ్చినా దాన్ని తుడిచెయ్యడం చాలా కష్టం.

ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇచ్చే సాయాన్ని కాగితం కోసం ఆపకూడదు. ఇది నా దయాగుణం చెప్పే మాట కాదు, చట్టం చెప్పే మాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అందులోని 16వ సెక్షన్ చూడండి. ప్రభుత్వ నిధులు తీసుకునే బళ్లే కాదు, గుర్తింపు పొందిన ప్రతి బడీ ఈ పిల్లల్ని చేర్చుకోవాలి. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా కనిపెట్టాలి, దానికి తగ్గట్టు పాఠం చెప్పే తీరు మార్చుకోవాలి. ధ్రువపత్రం తెచ్చాకే అన్న షరతు అక్కడ లేదు. రాయితీలకు, రిజర్వేషన్లకు, పరీక్షలో రాసిపెట్టే మనిషికి కాగితం కావాలి. ముందు వరసలో కూర్చోబెట్టడానికి, నోటితో చెప్పిన జవాబుకు మార్కు వెయ్యడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

మన చట్టానికి ఈ పిల్లలు ఆలస్యంగా కనిపించారు. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఆటిజం లేదు, అభ్యసన వైకల్యం లేదు. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. అంటే ఇవాళ ఇక్కడ కూర్చున్న ముప్ఫయ్యేళ్ల తల్లిదండ్రుల్లో ఎవరికైనా చిన్నప్పుడు డిస్లెక్సియా ఉండుంటే, అప్పటి చట్టం లెక్కలో వాళ్లు చదువు అబ్బని పిల్లలు, అంతే. పిల్లవాడి గురించి మాట్లాడదామని పిలిస్తే తండ్రి నవ్వి, నాదీ ఇదే కథ మేడమ్ అనడం టీచర్లకు కొత్త కాదు. ఈ ఇబ్బంది కుటుంబాల్లో దిగి వస్తుంది కాబట్టి ఆ మాటను నవ్వులాటగా తీసుకోకుండా రాసి పెట్టుకోవాలి.

ఇక మన టోలిచౌకి సంగతి. ఇక్కడి పిల్లవాడి పుస్తకాల సంచి తెరిస్తే మూడు లిపులు బయటపడతాయి. ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు. అందులో బే, పే, తే, సే అక్షరాల మూలరూపం ఒకటే, తేడా అంతా చుక్కల్లో ఉంటుంది. తెలుగులో తలకట్టూ, గుడీ, కొమ్మూ అక్షరం పైనా పక్కనా ఉంటే ఒత్తు కిందకు దిగుతుంది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ కావచ్చు, పాలమూరు నుంచి పనికొచ్చిన కుటుంబమైతే అక్కడి తెలుగు కావచ్చు. సోమాలీ, అరబ్బీ మాట్లాడే కుటుంబాలూ ఈ వీధుల్లో ఉన్నాయి. వీళ్లందరూ షేక్‌పేట్, గోల్కొండ చుట్టూ ఉన్న చిన్న చిన్న ఇంగ్లీషు మీడియం బళ్లలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వీళ్లలో ఒకడు చదవలేకపోతే అది వైకల్యమా, భాష కొత్త కావడమా?

ఇది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. డిస్లెక్సియా అనగానే బీ, డీ తిప్పి రాయడమే లక్షణమని చాలామంది అనుకుంటారు. అది ఇంగ్లీషు అక్షరాలను బట్టి వచ్చిన లెక్క, పైగా ఇంగ్లీషులోనూ ఆరేళ్ల పిల్లలు ఎందరో మామూలుగానే తిప్పి రాస్తారు. తెలుగులో ఇబ్బంది వేరేచోట బయటపడుతుంది. దీర్ఘం పోతుంది, కొ కు కో కు తేడా ఉండదు, ఒత్తు ఎగిరిపోతుంది, లేదా ఒత్తులోని హల్లు ముందుకొచ్చి అసలు హల్లు కిందకు పోతుంది. ప, వ, ష లాంటి దగ్గరి రూపాలు కలిసిపోతాయి. అయితే ఇవే తప్పులు మామూలు పిల్లలూ చాలాకాలం చేస్తారు. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన తేల్చిందేమిటంటే, అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి పిల్లలకు ప్రాథమిక తరగతులు చాలావరకు పడతాయి, ఇంగ్లీషులోలా ఒకటి రెండేళ్లలో అయిపోయే పని కాదు. గుణింతాలు, ఒత్తులు కలిపి తెలుగు పిల్లవాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. కాబట్టి దసరాకు గుణింతాలు రాలేదని కంగారు పడక్కర్లేదు. తోటివాళ్లు నెలనెలా ముందుకు పోతుంటే ఒకడు మాత్రం అదే తప్పు దగ్గర ఏడాదంతా ఆగిపోతే, అప్పుడు దగ్గరగా చూడాలి.

నేను టీచర్లకు చెప్పేది ఒక పద్ధతి. పిల్లవాణ్ణి ఇంటి భాషలోనే నిన్న ఏం జరిగిందో చెప్పమనండి. దక్కనీలో గడగడా కథ చెప్పేసి, ఇంగ్లీషు పేజీ దగ్గర మాత్రం ఆగిపోతే ముందు భాషను అనుమానించాలి. ఇంటి భాషలోనే మాట ఆలస్యమై, చిన్న పాటలో ప్రాస పట్టుకోలేకపోతే, పదంలోంచి ఒక శబ్దం తీసేసి చెప్పమంటే అర్థం కాకపోతే, అక్కడ లోతుగా చూడాల్సింది ఉంది. టీచర్‌కు దక్కనీ రాకపోతే బళ్లో ఆయాకు వస్తుంది. ఆయమ్మ పక్కన కూర్చుని వింటే చాలు. పిల్లల గురించి ఆయాలకు తెలిసినంత ఫైళ్లకు తెలియదు.

అన్నిటికంటే ముందు చెవులూ కళ్లూ చూడాలి. బస్తీల్లో చెవి కారడం ఎంత మామూలంటే దాన్ని జబ్బుగా లెక్కెయ్యరు. చలికాలమంతా చెవి కారుతుంటే పిల్లవాడికి సగం హల్లులు వినబడవు. సగం వినబడని శబ్దాన్ని ఏ అక్షరంతో ముడిపెడతాడు? వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిస్తే తిరిగాడో లేదో చూడటానికి ఖర్చేమీ లేదు. అనుమానముంటే కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. కళ్ల విషయంలో బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మనకు దగ్గర్లోనే ఉంది. 80ల్లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఆ సంస్థను మొదలుపెట్టినప్పుడు భూమి, కోటి రూపాయల విరాళం ఇచ్చింది సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం. చూపు తక్కువున్న పిల్లలు ఉన్న చూపుతోనే చదువుకునేలా నేర్పే పునరావాస విభాగమూ అక్కడ ఉంది. సినిమా డబ్బు పక్క వీధుల పిల్లలకు పనికొచ్చిన సందర్భాల్లో ఇంతకంటే గొప్పది నాకు తెలియదు.

సినిమా మాట వచ్చింది కాబట్టి మన ఫిలింనగర్ గురించి ఒక మాట. 1986లో కె. విశ్వనాథ్ ఒక్క ఏడాదిలోనే రెండు సినిమాలు ఇచ్చారు. ‘స్వాతిముత్యం’లో పసివాడి మనసున్న పెద్దమనిషి, ‘సిరివెన్నెల’లో చూపులేని వేణువాదకుడు, మాటలు రాని చిత్రకారిణి. తర్వాత ‘రంగస్థలం’ దాకా చాలా వచ్చాయి. వినికిడి, మాట లేని అభినయ మన తెరమీద నటిగా నిలబడింది. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. కానీ మన కథానాయకుడు తెరమీదకు వచ్చేసరికి ఎదిగిపోయి ఉంటాడు. వాడు రెండో తరగతి ఎలా గడిపాడో మనవాళ్లు పెద్దగా చూపించలేదు. హిందీలో 2007లో ‘తారే జమీన్ పర్’ ఆ పని చేసింది. ఎంతోమంది తల్లిదండ్రులకు డిస్లెక్సియా అనే మాట తెలిసింది దాంతోనే. అయితే అందులో అక్షరాలు పేజీ మీద నాట్యం చేస్తాయి. అసలు కష్టం చాలామందిలో కంటిది కాదు, శబ్దాన్ని అక్షరంతో కలపడంలో ఉంది. 2024 జూలై 8న సుప్రీంకోర్టు నిపుణ్ మల్హోత్రా కేసులో, తెరమీద వైకల్యాన్ని ఎగతాళి చెయ్యడానికీ, నవ్విస్తూనే అర్థం చేయించడానికీ తేడా ఉందని చెబుతూ సినిమావాళ్లకు కొన్ని సూచనలు చేసింది. నత్తివాణ్ణి చూసి నవ్వించే కామెడీ సీను సాయంత్రం టీవీలో వస్తే మర్నాడు పొద్దున తరగతిలో ఎవరికి ఆ పేరు పడుతుందో టీచర్లను అడగండి.

మళ్లీ మన దారికొద్దాం. ఇలాంటి పిల్లల కోసం పనిచేసే సంస్థల విషయంలో హైదరాబాద్‌కు పేదరికం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే మొదలైంది. సికింద్రాబాద్‌లో డాక్టర్ పి. హనుమంతరావు 1977లో స్వీకార్ స్థాపించారు. 1984లో బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వచ్చింది. ఇప్పుడు దాని పేరు మారింది, కానీ పెద్దవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. దేశవ్యాప్తంగా ప్రత్యేక బళ్లలో టీచర్లు పిల్లవాడికి ఏం వచ్చో, తర్వాత ఏం నేర్పాలో చూసుకునే ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు అక్కడే తయారైంది. అందులో అన్నం తినడం, బొత్తాలు పెట్టుకోవడం, డబ్బులు లెక్కపెట్టడం, ఆటలో వంతు కోసం ఆగడం, అన్నీ చదువే. మామూలు బడి టీచర్లు కూడా ఒక్కసారి చూడాల్సిన కాగితం అది.

ఇన్ని ఉన్నా, టోలిచౌకి తల్లి పొద్దున్నే బయల్దేరి మెహదీపట్నం వచ్చి, సికింద్రాబాద్ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్ లేదు, పక్కనున్న కొడుక్కి ఉంది. వారానికి మూడు రోజులు థెరపీకి రమ్మంటే ఆమె పనికి ఎప్పుడు వెళ్తుంది? మన రోడ్ల మీద ప్రైవేటు థెరపీ సెంటర్ల బోర్డులకు లోటు లేదు. డబ్బున్నవాళ్లకు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, బళ్లో పక్కన కూర్చునే షాడో టీచర్ కూడా దొరుకుతారు. మిగతావాళ్ల దగ్గర ఉండేది వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లే సదరం క్యాంపు టోకెన్. సదరం అవసరమే. వైకల్యం కనీసం నలభై శాతం ఉంటే తెలంగాణలో 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయల పింఛను వస్తుంది. ఆ ఇంటికి అది చాలా పెద్ద మాట. కానీ సదరం పిల్లవాడికి ఎంత శాతం లోటుందో చెబుతుంది, సోమవారం తెలుగు పీరియడ్‌లో ఏం చెయ్యాలో చెప్పదు.

అది చెప్పడానికి మనుషులు కావాలి. సర్వశిక్షా అభియాన్ కాలం నుంచీ మన రెండు రాష్ట్రాల్లో మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడి ఇన్‌క్లూసివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్‌పీలు) కేంద్రానికి వచ్చే పిల్లలకు నేర్పాలి, బళ్లు తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకూ వెళ్లాలి. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతం మీద ఈ పని చేసినవాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను, కానీ నమస్కారంతో జీతం పెరగదు. 2021 అక్టోబర్‌లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పది మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది. 2022లో కేంద్రం దాన్ని నోటిఫై చేసింది. 2025 మార్చిలో కోర్టు మళ్లీ, పోస్టులు మంజూరు చేసి భర్తీ చెయ్యండని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. తెలంగాణ 2024 ఫిబ్రవరి డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో 796 స్పెషల్ ఎడ్యుకేషన్ ఎస్‌జీటీలు, 220 స్కూల్ అసిస్టెంట్లు ఉన్నాయి. మంచి అడుగే. కానీ మండలాలు ఆరు వందలు దాటిన రాష్ట్రంలో ప్రాథమిక స్థాయికి 796 మందిని పంచితే మండలానికి ఒకరికి కాస్త పైన. కోర్టు చెప్పిన పదికి ఒకరు ఇంకా చాలా దూరంలో ఉన్నారు.

ఇక్కడే మన టోలిచౌకికి మాత్రమే కాదు, హైదరాబాద్ మొత్తానికీ ఒక చిక్కుంది. ఈ జిల్లాలో ప్రభుత్వ బళ్లలో కంటే ప్రైవేటు బళ్లలోనే ఎక్కువమంది పిల్లలు చదువుతున్నారు. భవిత టీచర్ వెళ్లేది సర్కారు బడికి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద కళ్లూ చెవులూ చూసే వైద్య బృందం వెళ్లేది సర్కారు, ఎయిడెడ్ బళ్లకు, అంగన్‌వాడీలకు. మన వీధిలో మూడంతస్తుల అద్దె ఇంట్లో నడిచే బడికి ఎవరూ రారు. ఆటో నడిపే తండ్రి, ఫిలింనగర్ బస్తీలో ఉండే సెట్ కార్మికుడు, ఇళ్లలో పనిచేసే అమ్మ, ఎంతో కొంత ఫీజు కట్టి పిల్లల్ని అక్కడికే పంపుతారు. ఆ ఫీజుతోనే పిల్లవాడు ప్రభుత్వ లెక్కల్లోంచి జారిపోతాడు. పెద్ద ప్రైవేటు బళ్లలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటారు, సర్కారు బడికి ఐఈఆర్‌పీ అయినా వస్తారు. మధ్యలో ఉన్న వీళ్లకు ఎవరూ లేరు.

ఆ బళ్ల యజమానుల్ని తిట్టడం తేలిక, నేను తిట్టను. అద్దె, కరెంటు, టీచర్ల జీతాలు పోను వాళ్లకు మిగిలేది తక్కువే. కానీ రెండు విషయాలు వాళ్లు తెలుసుకోవాలి. ఒకటో తరగతిలో చేర్చుకునే ముందు పిల్లవాడికి పరీక్ష పెట్టి, మా వల్ల కాదని పంపించడం విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా. ఇంకొకటి, వాళ్లు చెయ్యగలిగినవాటిలో చాలావాటికి ఖర్చు లేదు. కాలికి క్యాలిపర్ ఉన్న పాప ఉంటే ఆ సెక్షన్‌ను రెండో అంతస్తు నుంచి కిందకు దించొచ్చు. ర్యాంప్ కడితే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. ఫొటో కోసం కట్టిన కొన్ని ర్యాంపుల మీద పెద్దవాళ్లే జారిపడతారు. శబ్దం భరించలేని పిల్లవాణ్ణి ప్రార్థన మైకుకు దూరంగా నిలబెట్టొచ్చు. ఆటిజం ఉన్న పిల్లకు రోజు పొడుగునా ఏం జరగబోతుందో బొమ్మలు గీసి గోడకు అంటించొచ్చు. బెల్లు మోగే ముందే ఆ పిల్లకు మోగబోతుందని చెబితే సగం గొడవ ఆగిపోతుంది.

ఇవన్నీ టీచర్‌కు అదనపు పనే. నలభై మంది పిల్లలున్న గదిలో ఇవన్నీ ఒక్కతే చెయ్యాలనడం అన్యాయం. ఇటలీ 1977లో 517 నంబరు చట్టంతో ప్రత్యేక తరగతులు ఎత్తేసి పిల్లలందర్నీ ఒకే గదిలోకి తెచ్చినప్పుడు, ఆ గదిలోకి సహాయక ఉపాధ్యాయుల్నీ తెచ్చింది, తరగతిలో పిల్లల సంఖ్యకూ హద్దు పెట్టింది. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు కలిసి మామూలు బళ్లలోనే అందరికీ చదువు అని ప్రకటించాయి. ఆ ప్రకటన మనమూ ఇష్టంగానే చెప్పుకుంటాం. రెండో మనిషిని మాత్రం గదిలోకి తేలేదు.

వేరు బడి, కలిసిన బడి అని ఎప్పుడూ జరిగే వాదంలో నేను మొండిగా ఒక పక్కన నిలబడను. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఊరి బడిలో వెనక బెంచీలోనే ఉండిపోయారు. హైదరాబాద్‌లోని దేవనార్ అంధుల పాఠశాలకు వచ్చాకే చదువు సాగింది. పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకోనివ్వకపోతే కోర్టుకు వెళ్లి సాధించి, ఎంఐటీ దాకా చదివి వచ్చి బొల్లాంట్ పరిశ్రమలు పెట్టారు. 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది. ఆ ప్రత్యేక బడే లేకపోతే? అయితే ఆ కథను మరో వైపు నుంచీ చదవాలి. ఊరి బళ్లో వెనక బెంచీ దగ్గరకు ఒక్క మనిషి వెళ్లుంటే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇల్లు వదలాల్సిన అవసరం ఉండేదా?

నిర్వాహకులు ఈ నిధితో ఏం చెయ్యొచ్చో చివర్లో చెప్పమన్నారు. ఏటా ఒక సన్మానం, ఒక శాలువా వద్దు. టోలిచౌకి, షేక్‌పేట్ వైపు చిన్న ప్రైవేటు బళ్లు నాలుగైదు కలిసి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌ను పెట్టుకోవచ్చు. ఒక్కో బడికి వారంలో ఒక రోజు. జీతంలో సగం నిధి నుంచి, సగం బళ్ల నుంచి. ఆమెకు దక్కనీ, తెలుగు రెండూ వచ్చి ఉండాలి. మొదటి నెలంతా ఆమె ఎవరికీ పేర్లు పెట్టకూడదు, ఒకటీ రెండూ తరగతుల్లో కూర్చుని చూడాలి. జూన్‌లో బళ్లు తెరిచిన మొదటి రెండు వారాల్లో ఒకటో తరగతి పిల్లలందరికీ చెవీ కన్నూ పరీక్ష చేయించాలి. పేరెంట్స్ మీటింగులో అమ్మల్ని పిల్లవాడి మార్కుల గురించి కాకుండా, చిన్నప్పుడు మాటలు ఎప్పుడొచ్చాయి, చెవి ఎప్పుడైనా కారిందా అని అడగాలి. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ధ్రువపత్రం కావాలంటే సికింద్రాబాద్‌కు తోడు వెళ్లే పనీ ఆమెదే. ఆ రోజు తల్లి కూలి పోకుండా నిధి భరించాలి. కమిటీవాళ్లు వచ్చే ఏప్రిల్ లోపు బళ్లతో మాట్లాడుకుంటే, జూన్ 12 నాటికి ఆమె గదిలో ఉండొచ్చు.